ప్రశ్నలు - జవాబులు: నట్టు ఎన్ని చుట్లు పట్టింది?

ఈసారి హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే వీల్ స్పేసర్ల గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మైలేజీ, బ్యాటరీ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. స్పేసర్లవి ఆగే ప్రశ్నలు కావు.

ప్రశ్న: నాది స్విఫ్ట్. కొత్తగా వెడల్పు అలాయ్ వీల్స్ వేయించాను. లోపలివైపు టైరు షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటోందని షాపువాళ్లు ముందు చక్రాలకు 15 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టారు. స్టడ్లు మార్చలేదు. నట్టు నాలుగు చుట్లు తిరిగి బిగిసిపోయింది. “గట్టిగానే ఉంది సార్, ఏం కాదు” అన్నారు. వారం నుంచి తిరుగుతున్నాను. పర్వాలేదా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పర్వాలేదని చెప్పలేను. ఈ బండిని ఇలాగే బయటికి తీయకండి. ఇంటి దగ్గరే జాకీ పెట్టి, స్పేసర్లు తీసేసి, పాత చక్రాలు వేసుకోండి. తర్వాతే మిగతాది చదవండి.

గట్టిగా ఉందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. రెండు చుట్లు పట్టిన నట్టు కూడా పానాకు గట్టిగానే తగులుతుంది. అసలు చక్రాన్ని ఏది పట్టి ఉంచుతోందో తెలిస్తే తేడా అర్థమవుతుంది. బండి బరువంతా స్టడ్ల మీద వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్టడ్ తిరిగి ముడుచుకోవాలని లాగే బలమే చక్రాన్ని హబ్‌కు అదిమి పెడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ను 100 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే ఒక్కోటి సుమారు 4 టన్నుల బలంతో అదుముతుంది. అంటే నాలుగు స్టడ్లకు 16 టన్నులు. ఆ ఒత్తిడి వల్ల రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే రాపిడే బండి బరువునూ, బ్రేకు దెబ్బనూ, గుంతల కుదుపునూ కాస్తుంది. ఒత్తిడి సడలితే చక్రం హబ్ మీద రవ్వంత జరగడం మొదలుపెడుతుంది. తిరిగే ప్రతి చుట్టుకూ స్టడ్ అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను వంచి వంచి తెంపుతామే, అలాగే తెగుతుంది.

మరి ఆ నాలుగు టన్నులను పట్టుకునేది నట్టుకూ స్టడ్‌కూ కలిసిన మరలే. అందుకే నేను పాటించే కొలత ఇది: స్టడ్ ఎంత లావుంటే కనీసం అంత లోతు నట్టు ఎక్కాలి. మీ స్విఫ్ట్ స్టడ్ 12 మిల్లీమీటర్లు, మర 1.25. అంటే నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. 12 మిల్లీమీటర్లు ఎక్కాలంటే దాదాపు పది చుట్లు కావాలి. మీకు పట్టినవి నాలుగు, అంటే 5 మిల్లీమీటర్లు. అందులోనూ స్టడ్ కొసన మొదటి మర సన్నగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. హ్యుందాయ్ బండ్లలో మర 1.5 కాబట్టి అక్కడ ఎనిమిది చుట్లు చాలు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, గన్నుతో లెక్క తేలదు.

ఏలూరు దాటాక హైవే మీద నాకూ ఒకసారి ఇలాంటిదే జరిగింది. నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు. స్పీడు పెరిగితే వినపడదు. రాయి ఇరుక్కుందేమో అనుకుని మరో పది కిలోమీటర్లు నడిపాను. ఆపి చూస్తే ఒక స్టడ్ తెగి నట్టుతో సహా పోయింది, రెండోది చేత్తో కదులుతోంది. వెనక సీట్లో మా పిల్లలున్నారు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు వినపడే ఆ చప్పుడును ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఒక స్టడ్ తెగితే మిగతావి దాని బరువు కూడా మోసి అలిసి ఉంటాయి కాబట్టి ఆ చక్రానికి అన్నీ మార్చాలి. అలాయ్‌లో నట్టు కూర్చునే రంధ్రం కోలగా సాగి ఉంటే ఆ చక్రం ఇక పనికిరాదు.

మీ విషయానికి వస్తే రెండు దార్లున్నాయి. పాతవాటికన్నా 15 మిల్లీమీటర్లు పొడవైన స్టడ్లు వేయించడం ఒకటి. ఈ అలాయ్‌లు ఇచ్చేసి సరైన ఆఫ్‌సెట్ ఉన్నవి తెచ్చుకోవడం రెండోది. చక్రం వెనక ఈటీ అని ఒక అంకె పోతపోసి ఉంటుంది, ఆఫ్‌సెట్ అంటే అదే. 45 ఈటీ ఉన్న చక్రానికి 15 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే అది 30 ఈటీ చక్రం కూర్చునే చోటికే వస్తుంది. అదే చోటికి తెచ్చే చక్రం బజార్లో దొరుకుతున్నప్పుడు మధ్యలో ఇంకో ముక్క ఎందుకు? నేనైతే చక్రాలే మారుస్తాను.

ప్రశ్న: పొడవైన స్టడ్లు తెప్పించుకున్నాను. మా మెకానిక్ పాతవి సుత్తితో కొట్టి తీసి, కొత్తవి నట్టుతో లాగి కూర్చోబెడతానంటున్నాడు. సరైన పద్ధతేనా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సగం సరైనది. నట్టుతో లాగడం జాగ్రత్తగా చేస్తే తప్పు కాదు. సుత్తి మాత్రం వద్దు. హబ్ మీద పడిన దెబ్బ బేరింగ్ గుండ్ల మీద పడుతుంది. గుండ్లు కూర్చునే దారిలో చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు నెలలకు బేరింగ్ హోరుమని మూలగడం మొదలవుతుంది, అప్పటికి ఎవరికీ సుత్తి గుర్తుండదు.

కొనేటప్పుడు చూడాల్సింది పొడవు ఒక్కటే కాదు. స్టడ్ తల కింద మెడ దగ్గర నిలువు గాట్లు ఉంటాయి. అవే హబ్ రంధ్రంలో కొరుక్కుని స్టడ్ తిరక్కుండా పట్టేస్తాయి. పాత స్టడ్ తీసి, ఆ గాట్ల మీద వెర్నియర్ పెట్టి కొలవండి. కొత్తదాని కొలత పాతదానితో సరిపోవాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా ఇక్కడ పెద్ద తేడానే. సన్నగా ఉంటే నట్టు విప్పేటప్పుడు స్టడ్ గిర్రున తిరుగుతుంది, ఇక చక్రం ఊడదు. లావైతే హబ్ చెవి చిట్లుతుంది. మర కూడా పాతదే ఉండాలి. 1.25 స్టడ్‌కు 1.5 నట్టు మొదట్లో ఎక్కినట్టే ఎక్కి, తర్వాత రెంటినీ పాడుచేస్తుంది. ఉక్కు బలం 10.9 తరగతికి తక్కువ కాకూడదు.

మంచి పద్ధతి హైడ్రాలిక్ ప్రెస్. దానికి హబ్ బయటికి రావాలి. కొన్ని బండ్లలో కాలిపర్, డిస్క్ తీస్తే హబ్ వెనక స్టడ్ దూరేంత జాగా దొరుకుతుంది. కొన్నింటిలో హబ్‌ను బేరింగ్ నుంచి ఊడబీకక తప్పదు. అలా ఊడబీకిన బేరింగును మళ్లీ వాడకండి, కొత్త బేరింగు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. జాగా ఉండి నట్టుతో లాగేటట్టయితే, స్టడ్‌కు మందపాటి వాషర్లు నాలుగైదు తొడిగి, వాటి మధ్య గ్రీజు రాసి, పాత నట్టు ఎక్కించి, చేతిపానాతో నెమ్మదిగా లాగాలి. స్టడ్ తల హబ్ వెనక ఎక్కడా సందు లేకుండా ఆనిందా లేదా అని టార్చిలైటు వేసి చూడాలి. ఆనకపోతే అది తర్వాత బండి నడుస్తుంటే ఆనుతుంది, అప్పుడు నట్టు వదులవుతుంది. లాగడానికి వాడిన నట్టు పారేయండి. మరల మీద అంటిన గ్రీజు తుడిచేయండి. కంపెనీ చెప్పే టార్క్ పొడి మరలకు. జిడ్డు మీద అదే టార్క్ పెడితే స్టడ్ అవసరానికి మించి సాగుతుంది.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. మన బండ్లకు వచ్చే నట్లలో టోపీలా కొస మూసి ఉన్నవి ఎక్కువ. పొడవైన స్టడ్ మీద అవి ఎక్కిస్తే స్టడ్ కొస టోపీ లోపల తగిలి నట్టు ఆగిపోతుంది. పానాకు రాయిలా తగులుతుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. కొస తెరిచి ఉన్న నట్లు కొనండి. ముఖ్యంగా స్పేసర్ లేకుండా స్టెప్నీ వేసుకోవాల్సిన రోజున కొస మూసిన నట్టు ప్రాణం మీదికి తెస్తుంది. కొస తెరిచిన నట్లు ఐదారు డిక్కీలో ఉంచి, ఎందుకున్నాయో ఇంట్లో బండి నడిపే అందరికీ చెప్పండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో లేత్ మీద స్పేసర్లు తిప్పి ఇస్తామంటున్నారు, ధర చాలా తక్కువ. తీసుకోవచ్చా? 3 మిల్లీమీటర్లు చాలనుకుంటే వాషర్లు వేస్తే సరిపోదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వాషర్ల మాట మర్చిపోండమ్మా. చక్రం మొత్తం ముఖంతో హబ్‌కు ఆనాలి. వాషర్లు వేస్తే నాలుగు చుక్కల మీద నిలబడుతుంది, మధ్యలో ఖాళీ. ఒత్తిడి అంతా ఆ చుక్కల మీదే పడి అలాయ్ నలిగిపోతుంది, నలిగినకొద్దీ నట్టు వదులవుతుంది.

ఆటోనగర్ పనివాళ్ల చేతి నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు, వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. అనుమానమల్లా లోహం మీద. పోత అల్యూమినియం దిమ్మె తెచ్చి తిప్పితే చూడటానికి వెండిలా మెరుస్తుంది, లోపల బుడగలుంటాయి. 6061-టీ6 లేదా 7075-టీ6 రకం దిమ్మె అని బిల్లు చూపించగలిగితే, రెండు ముఖాలూ సమాంతరంగా ఉన్నాయని డయల్ గేజ్ పెట్టి మీ ముందే చూపిస్తే, అప్పుడు ఆలోచించండి. మధ్య రంధ్రం మీ హబ్ కొలతకు సరిగ్గా పట్టాలి. అవతలి ముఖాన చక్రం కూర్చోవడానికి అదే కొలతలో గట్టు కూడా ఉండాలి.

ప్రశ్న: స్పేసర్లు వేయించాక 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పైన చెప్పిన గట్టు మీ స్పేసర్‌కు లేనట్టుంది. చక్రం నడిమధ్యకు కాకుండా కాస్త పక్కకు కూర్చుంటే బ్యాలెన్సింగ్ మిషన్ మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది, బండికి ఎక్కాక వణుకుతుంది. చక్రం తీసి హబ్ ముఖం కూడా చూడండి. తుప్పు పొరలు, రంగు ఉంటే వైర్ బ్రష్‌తో లోహం కనపడేదాకా గీకాలి. స్పేసర్‌ను చేత్తో నొక్కితే ఊగకుండా పడుకోవాలి. ఈ వణుకుతోనే తిరిగితే నట్లు వదులవుతాయి, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: జిమ్నీకి 25 మిల్లీమీటర్ల బోల్ట్-ఆన్ స్పేసర్లు కొన్నాను. వీటికి స్టడ్లు వాటిలోనే ఉన్నాయి కాబట్టి పాత స్టడ్లు మార్చనక్కర్లేదు కదా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: మార్చనక్కర్లేదు, కానీ ఇక్కడ కీళ్లు రెండు. హబ్‌కు స్పేసర్ ఒకటి, స్పేసర్‌కు చక్రం ఇంకొకటి. లోపలి నట్లు చక్రం వెనక దాగి ఉంటాయి, వదులైనా కంటికి కనిపించవు. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య చక్రాలు తీసి లోపలి నట్లకు టార్క్ రెంచ్ పెట్టి చూడాలి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ చూడాలి. ఈ ఓపిక లేనివాళ్లకు ఈ స్పేసర్లు వద్దని నా గట్టి సలహా.

కొలతలు సరిచూసుకోండి: 5 రంధ్రాలు, 139.7 పీసీడీ (స్టడ్ల నడిమధ్యల గుండా పోయే వృత్తం వ్యాసం), 12 మిల్లీమీటర్ల స్టడ్, 1.25 మర. పాత స్టడ్ల కొసలు స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకొస్తున్నాయేమో స్కేలు ఆనించి చూడండి. పొడుచుకొస్తే చక్రం వాటి మీద కూర్చుంటుంది, ముఖం మీద కాదు. అలాయ్ వెనక ఆ చోట్ల గుంటలుంటే సరే, లేకపోతే ఇంకాస్త మందపు స్పేసర్ కావాలి.

చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగ్ మీద బరువు పడే చోటు మారుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. తడి రోడ్డు మీద ఒకపక్క చక్రం బురదలో ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతిని లాగుతుంది. కొండదారుల్లో తిరిగేవారు కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: జర్మనీలో ఉంటాం. మా గోల్ఫ్‌కు స్టడ్లు లేవు, బోల్టులే. పొడవైన బోల్టులు కొంటే చాలా?
— ఒక పాఠకుడు, స్టుట్‌గార్ట్

జవాబు: ఎంత మందం స్పేసరో సరిగ్గా అంత పొడవు పెరగాలి. తక్కువైతే మర చాలదు. ఎక్కువైతే బోల్టు కొస హబ్ దాటి వెనక భాగాలకు తగులుతుంది. స్పేసర్ తీసేసిన రోజున పొడుగు బోల్టులు మళ్లీ వాడకండి. ఫోక్స్‌వాగన్ అసలు చక్రాలకు బోల్టు తల కింద గుండ్రంగా బంతిలా ఉంటుంది, బయట కొనే చక్రాలకు చాలావరకు శంకువులా ఉంటుంది. ఒక రకం చక్రానికి ఇంకో రకం బోల్టు వేస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది. మీ దగ్గర స్పేసర్‌తో పాటు దాని పరీక్షా పత్రం కూడా తీసుకోండి. టాయిలెగుటాఖ్టెన్ అనే పత్రం ఉన్న స్పేసర్ అయితే బిగించిన వెంటనే ట్యూఫ్ లాంటి సంస్థ దగ్గర తనిఖీ చేయించుకోవాలి.

ప్రశ్న: మన దగ్గర పోలీసులు, ఆర్టీవో ఏమైనా అంటారా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: అనవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. అలా వచ్చిన టైరు వెనక వచ్చే బైకువాడి ముఖాన రాళ్లు విసురుతుంది, నాకు జరిమానా కన్నా ఆ సంగతే ఎక్కువ బాధ. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి.

ప్రశ్న: పంక్చర్ షాపులో ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నాలుగు మాటలు చెప్పండి. గన్ను పెట్టొద్దు. నట్టు మొదట చేత్తో ఎక్కించు. ఎదురెదురుగా బిగించు. చివరి బిగింపు నేను చూసుకుంటాను. ఆ తర్వాత చక్రం నేలకు ఆనాక, బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కు మీ రెంచ్‌తో బిగించుకోండి. ఇంటికెళ్లాక మర్నాడు ఒకసారి మళ్లీ చూడండి.