కథ ముగిసింది, మనిషి ఏమయ్యాడు?

సీరియల్ చివరి భాగం చూసి లేచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఇంతకీ అతను బ్రతికాడా, చనిపోయాడా?" పోలీసు కథలోనైతే దీనికి జవాబు దొరుకుతుంది. దయ్యాలు, పునర్జన్మలు, కంటికి కనబడని లోకాలు ఉండే కథల్లో అంత సులభంగా దొరకదు. అక్కడ చచ్చినవాడు తిరిగి రావచ్చు. వచ్చినవాడు అసలు మనిషి కాకపోవచ్చు. అందుకే ఇటువంటి కథల్లో ముగింపు తేలకపోతే ప్రేక్షకునికి కోపం వస్తుంది, కథకుడు మోసం చేశాడని అనుకుంటాడు.

ఆ కోపం ఎప్పుడు న్యాయమో, ఎప్పుడు కాదో అమెరికా టి.వి.లో ప్రసారమైన నాలుగు ధారావాహికల ద్వారా ఈ వారం పరిశీలిద్దాం.

1. ఆగిపోయిన కథ

ఏ.బి.సి. సంస్థ 'ట్విన్ పీక్స్' ధారావాహికను 1990 ఏప్రిల్ నుండి 1991 జూన్ వరకు ప్రసారం చేసింది. సృష్టికర్తలు డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్. లారా పామర్ అనే విద్యార్థిని హత్యకు గురవుతుంది. దర్యాప్తుకు వచ్చిన డేల్ కూపర్ మంచివాడు, నిష్కపటి. చివరి భాగంలో అతడు ఆనీ అనే యువతిని రక్షించటానికి 'బ్లాక్ లాడ్జ్' అనే చీకటి లోకంలోకి వెళతాడు. తిరిగి వస్తాడు, పళ్ళు తోముకోవాలంటూ స్నానాల గదిలోకి పోతాడు. అద్దానికి తల బాదుకుంటాడు. అద్దంలో కనబడేది అతని ముఖం కాదు, హంతక భూతం ముఖం. ఆనీ ఎలా ఉందని నవ్వుతూ అడుగుతాడు. కథ అక్కడే నిలిచిపోయింది.

ధారావాహికను సంస్థ కొనసాగించలేదు గనుక మంచి కూపర్ ఏమయ్యాడో అందులో తేలలేదు. 2017లో 18 భాగాలతో కథ మళ్ళీ వచ్చింది. ఈసారి కూపర్ చీకటి లోకం నుండి బయటపడ్డాడు. చివరి భాగంలో లారాను పోలిన ఒక స్త్రీని లారా ఇంటికి తీసుకొని వెళతాడు. ఎవరో కొత్త మనిషి తలుపు తీస్తుంది. ఇది ఏ సంవత్సరమని కూపర్ తికమకగా అడుగుతాడు. ఆ స్త్రీ కేక వేస్తుంది, ఇంట్లో దీపాలు ఆరిపోతాయి.

రెండు ముగింపులూ తేలనివే. అయితే మొదటిది తరువాతి భాగం కోసం పెట్టిన ముడి, ఆ తరువాతి భాగం రాలేదు. రెండవది కథకులు తెలిసే వేసిన ముడి. చనిపోయిన అమ్మాయిని చనిపోనట్లు చేయాలనుకున్న మనిషి చివరకు తానెక్కడున్నాడో తనకే తెలియని స్థితికి వచ్చాడు. ఆ మాట చెప్పటానికి వేరే ముగింపు కుదరదు.

2. ఆపిన కథ

'ఏంజెల్' కథానాయకుడు ఒక రక్తపిశాచి. శాపం వల్ల అతనికి ఆత్మ తిరిగి వచ్చింది. చేసిన పాపాలు గుర్తుండి బాధపడుతూ మనుషులను కాపాడుతుంటాడు. ఒకనాటికి మామూలు మనిషిగా మారతాడని ఒక ప్రవచనం ఉన్నది. ఈ ధారావాహిక 110 భాగాలు నడిచి 2004 మే 19న ముగిసింది.

శత్రువుల నమ్మకం పొందటానికి ఏంజెల్ ఆ ప్రవచన ఫలాన్ని వదులుకుంటూ సంతకం చేస్తాడు. చివరి దృశ్యంలో వర్షం పడుతుంటుంది. సందులో నలుగురు మిగిలారు, వారిలో ఒకరికి ప్రాణాంతకమైన గాయం. ఎదుట దయ్యాల సైన్యం, పైన రెక్కల సర్పం. ఏంజెల్ పని మొదలుపెడదామని చెప్పి కత్తి ఎత్తుతాడు. తెర నల్లబడుతుంది.

వారు గెలిచారా? టి.వి.లో చెప్పలేదు. 2007లో మొదలైన బొమ్మల పుస్తకాలలో తరువాతి కథ వచ్చింది గాని, ఆ దృశ్యానికి జవాబు అవసరం లేదు. ఫలితం ఆశించకుండా మంచి చేయగలడా అన్నది ఏంజెల్ ముందున్న పరీక్ష. కత్తి ఎత్తిన క్షణంలోనే అందులో అతడు నెగ్గాడు. యుద్ధంలో గెలిచినట్లు చూపితే ప్రతిఫలం దొరికినట్లయ్యేది, పరీక్షకు అర్థం పోయేది.

తప్పిపోయిన కుమారుని ఉపమానం గుర్తు తెచ్చుకోండి. పెద్ద కుమారుడు విందుకు లోపలికి వెళ్ళాడా లేదా మనకు చెప్పబడలేదు. తండ్రి పిలుపు దగ్గర కథ ఆగింది.

3. చెప్పినా వినబడని ముగింపు

'లాస్ట్' 2004 నుండి 2010 వరకు సాగింది. విమానం కూలి ఒక వింత ద్వీపంలో పడినవారి కథ ఇది. 2010 మే 23న వచ్చిన చివరి భాగంలో అందరూ ఒక ప్రార్థనాలయంలో కలుసుకుంటారు. అది మరణానంతర స్థలమని జాక్‌కు అతని తండ్రి వివరిస్తాడు. ద్వీపంలో జరిగినదంతా నిజంగా జరిగిందని, వీరిలో కొందరు జాక్ కంటే ముందు, కొందరు చాలా కాలం తరువాత చనిపోయారని చెబుతాడు.

ఇంత చెప్పినా చాలామంది "అందరూ మొదటి రోజే చచ్చిపోయారట" అని అర్థం చేసుకున్నారు. పేర్లు వేసేటప్పుడు నిర్మానుష్యమైన తీరంలో విమాన శకలాలు చూపటం ఇందుకు ఒక కారణం. అవి ప్రేక్షకుని మనస్సు నెమ్మదించటానికి ప్రసార సంస్థ చేర్చిన దృశ్యాలేనని తరువాత వివరణ ఇచ్చారు. ముగింపు తేలలేదని అనే ముందు పాత్రల మాట మనం సరిగా విన్నామా అని చూసుకోవాలి.

4. నోరా చెప్పిన మాట

నాలుగవది ఇంకా లోతైనది. 'ది లెఫ్టోవర్స్' 2014 నుండి 2017 వరకు 28 భాగాలుగా వచ్చింది. టామ్ పెరోటా 2011లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. ఒక అక్టోబరు 14న ప్రపంచ జనాభాలో నూటికి ఇద్దరు ఒక్క క్షణంలో మాయమవుతారు. ఎందుకో, ఎక్కడికో ఎవరికీ తెలియదు. నోరా అనే స్త్రీ భర్తను, ఇద్దరు పిల్లలను ఆ క్షణంలో పోగొట్టుకుంటుంది. తరువాత ఆమె ఉద్యోగం, మాయమైనవారి కుటుంబాలను ప్రశ్నించి దొంగ దరఖాస్తులను పట్టుకోవటం. అబద్ధపు ఓదార్పు అంటే ఆమెకు అసహ్యం.

పోయినవారి దగ్గరకు పంపుతుందని చెప్పే ఒక యంత్రంలోకి చివరి భాగంలో నోరా ఎక్కుతుంది. ద్రవం నిండుతుంది. ఆఖరి క్షణంలో ఏదో అరవబోతున్నట్లు నోరు తెరుస్తుంది. దృశ్యం తెగిపోతుంది. ఏళ్ళు గడిచిన తరువాత ఆస్ట్రేలియా పల్లెలో పేరు మార్చుకొని పావురాలు పెంచుకుంటూ కనబడుతుంది. ఆమెను ప్రేమించిన కెవిన్ వెదుక్కుంటూ వస్తాడు. అప్పుడు ఆమె చెబుతుంది: తాను అవతలి లోకానికి వెళ్ళానని, అక్కడ మాయమైనది నూటికి తొంభై ఎనిమిది మంది అని, తన కుటుంబం అక్కడ సుఖంగా ఉన్నదని, తానే అక్కడ దయ్యంలా మిగిలానని, మళ్ళీ యంత్రం చేయించుకొని తిరిగి వచ్చానని. ఇందులో ఒక్కటీ తెరపై చూపలేదు. ఆమె ముఖమే చూపారు. నిన్ను నమ్ముతున్నానని కెవిన్ అంటాడు.

ఆమె చెప్పింది నిజమేనా? సందేహానికి కారణాలున్నాయి. ఆమె నోరు తెరచింది ఆపమని అరవటానికే కావచ్చు. అదే భాగంలో ఒక కన్యస్త్రీ, పావురాలు ప్రేమ సందేశాలను దూరదేశాలకు మోసుకుపోతాయని పెళ్ళివారికి చెబుతుంది. అవి తిరిగి గూటికే వస్తాయని నోరాకు తెలుసు. నిలదీస్తే, అది అందమైన కథ అని ఆమె జవాబు. నమ్మకానికీ కారణం ఉన్నది. జీవితమంతా అబద్ధాలు పట్టుకున్న మనిషి ఇంత పెద్ద అబద్ధం ఆడుతుందా?

ఈ రెండింటి మధ్య తూకం సమంగా నిలుస్తుంది. కథకులు అలాగే ఉంచారు.

5. మనకు పనికివచ్చేది

మనిషి చనిపోయాడో లేదో తెలియని దుఃఖానికి అమెరికన్ పండితురాలు పౌలిన్ బాస్ 1970లలో ఒక పేరు పెట్టారు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించి, దానిని 'తేలని నష్టం' అన్న అర్థం వచ్చే మాటతో పిలిచారు. శవం కనబడితే ఏడ్చి, పాతిపెట్టి, నెమ్మదిగా లేస్తాం. కనబడనప్పుడు ఏడవటమే ద్రోహంలా తోస్తుంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ, కాకినాడ తీరాల నుండి వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. వారి ఇళ్ళలో ఈ మాటకు వివరణ అవసరం లేదు.

నోరా దుఃఖం అటువంటిది. ఆమె చెప్పింది సాక్ష్యమైనా, కల్పన అయినా, దానితో పిల్లలను వదిలిపెట్టగలిగింది. అయితే, ఓదార్పు కలిగితే అబద్ధమైనా ఫరవాలేదని దీనికి అర్థం చెప్పకూడదు. అలాగైతే బాధలో ఉన్నవారికి మాటలు అమ్ముకునే ప్రతివాడూ పుణ్యాత్ముడే అవుతాడు. ఈ ధారావాహికలోనే కౌగిలించుకొని బాధ తీసేస్తానంటూ డబ్బు తీసుకొనే ఒకడున్నాడు. కన్యస్త్రీ కథ వినేవారికి వేడుక. నోరా మాట చెప్పేవారికి ప్రాణం. కెవిన్ ఆమెను రుజువు అడగలేదు, ఆమె పక్కన కూర్చున్నాడు. నిజమేమిటో తెలియకుండానే ఒక మనిషికి మనం ఇవ్వగలిగినది అది.

కనుక తేలని ముగింపు చూసినప్పుడు ముందు ఇది అడగండి: పాత్ర ఎదుట ఉన్న అసలు ప్రశ్నకు జవాబు వచ్చిందా? వచ్చి ఉంటే, మిగతాది చెప్పకపోవటం మోసం కాదు. రాకపోతే మీ కోపం న్యాయమే.

ఆలోచించండి

1. మీరు చూసిన కథలలో ఆగిపోయినది ఏది, ఆపినది ఏది? ఎలా గుర్తించారు?

2. ఏంజెల్ గెలిచినట్లు చూపి ఉంటే కథ బలపడేదా, బలహీనపడేదా?

3. మీ ఇంటి పక్కన జాడ తెలియని మనిషి కోసం ఎదురు చూసేవారు ఎవరైనా ఉన్నారా? వారితో మీరు చివరిసారి మాట్లాడినది ఎప్పుడు?