శస్త్రపరికరములు – మితబలము

కమ్మరి పట్టుకారుతో ఇనుమును పట్టును. కంసాలి శ్రావణముతో, అనగా చిమటాతో, సన్నని బంగారు తీగను పట్టును. పట్టుకారుతో పట్టినచో ఆ తీగ నలిగిపోవును. అయినను బంగారమును మరల కరగించి తీగ తీయవచ్చును. కంటిలోపలి నేత్రపటలము చిరిగినచో పోయిన చూపు మరల రాకపోవచ్చును. కావున శస్త్రవైద్యుని పరికరము బలము మితిమీరకుండ కాపాడునదై యుండవలెను.

సుశ్రుతుడు తన సంహితయందు 101 యంత్రములను పేర్కొని, వానిలో హస్తమే ప్రధానమని చెప్పెను. శిష్యులు గుమ్మడి, సొర మొదలగు కాయలపై కోత నభ్యసింపవలెనని విధించెను. అయితే చేతికిని ఒక హద్దు గలదు. నేత్రపటల చికిత్సలో పరికరపు కొనయొద్ద కలుగు బలము పెక్కుసారులు 7.5 మిల్లీన్యూటనులకంటె తక్కువయని 1999లో ప్రకటింపబడిన పరిశోధనవలన తెలిసినది. ఇది ముప్పాతిక గ్రాము బరువునకు ఇంచుమించు సమానము. ఇంత స్వల్పబలమును వ్రేళ్ళు పెక్కుసారులు గుర్తింపజాలవు. ఈ కొరతను తీర్చుటకు మూడు మార్గములు గలవు.

మొదటిది, బలమును విరివిగా పంచుట. బలమును వైశాల్యముచే భాగించిన వచ్చునది పీడనము. ఒకే బలము 1 చదరపు మిల్లీమీటరునకు మారుగా 4 చదరపు మిల్లీమీటర్లపై పడినచో పీడనము నాల్గవ వంతగును. అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీ పేర ప్రసిద్ధమైన శ్రావణము కొనలయందు సన్నని పండ్ల వరుసలుండును. అందుచే రక్తనాళము జారకయు, నలుగకయు నిలుచును.

రెండవది, పట్టును స్ప్రింగునకు అప్పగించుట. రక్తనాళమును తాత్కాలికముగా మూయు కొన్ని చిన్న బిగింపులు నొక్కినపుడు తెరచుకొని, విడిచినపుడు స్ప్రింగు బలముచేతనే మూసికొనును. వైద్యుడెంత గట్టిగా నొక్కినను నాళముపై ఒత్తిడి పెరుగదు.

మూడవది, బలమును కొలుచుట. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు నేత్రశస్త్రపరికరమునందు వెండ్రుకవంటి గాజుతంతువుల నమర్చిరి. కొన యించుక వంగినను తంతువులోని కాంతి మారును. ఆ మార్పునుండి బలమును లెక్కించి, హద్దు సమీపించినపుడు ధ్వనితో హెచ్చరించు ఏర్పాటును పరీక్షించిరి.

మీరును ఒక ప్రయోగము చేయుడు. ప్రయోగశాలలోని చిమటాతో మిగుల పండిన ద్రాక్షపండు నెత్తి, తోలుపై పడిన గుర్తును చూడుడు. పిమ్మట కొనలకు దూదిని చుట్టి మరియొక పండు నెత్తుడు. రెండు గుర్తులకును గల భేదమునకు కారణము వ్రాయుడు.

హైదరాబాదునందు డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవంటి చోట్ల నేత్రపటల చికిత్సలు జరుగుచున్నవి. మన బాన్సువాడనుండి పోయిన వృద్ధుడు అట్టి చికిత్సచే మనుమని ముఖమును మరల స్పష్టముగా చూచినచో, వైద్యుని నేర్పుతోపాటు ఆ సన్నని కొనను రూపించినవారి యోచనయు అందు గలదు. మీలో యంత్రవిద్య నభ్యసింపబోవువారు గట్టిగా పట్టు పనిముట్లతోపాటు, తగినంతమాత్రమే పట్టువానిని కూడ చేయ నేర్వవలెను.