బిగ్గర్ థామస్ చేసిన నేరం, చేయని నేరం

ఈ నెల పుస్తక పరిచయం నా వంతు. రిచర్డ్ రైట్ రాసిన 'నేటివ్ సన్' నవల (1940) తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ముందే చెప్పేస్తాను.

ఫ్రెషర్స్ డేకి మన క్లబ్ వేసిన స్కిట్ గుర్తుండే ఉంటుంది. హాస్టల్లో ఫోన్లు పోతుంటాయి, చివరికి దొంగ దొరుకుతాడు. వార్డెన్ "ఏ ఊర్రా నీది?" అంటే వాడు "స్టువర్టుపురం సార్" అంటాడు. హాలంతా నవ్వింది. ఆ డైలాగ్ రాసింది నేనే. ప్రోగ్రాం అయ్యాక ఒక జూనియర్ వచ్చి "అన్నా, స్కిట్ ఎవరు రాశారు?" అని అడిగాడు. మెచ్చుకోడానికేమో అనుకుని "నేనే" అన్నాను. "మా అమ్మమ్మ వాళ్ళది ఆ ఊరే అన్నా" అని చెప్పి వెళ్ళిపోయాడు. కోపంగా కూడా అనలేదు.

"జోకే కదా, నేనేమన్నా వాడి మీద దొంగతనం మోపానా?" అనుకున్నాను ముందు. రాత్రి పడుకున్నాక, మోపాననే అనిపించింది. నేరం చేసినవాడి బాధ్యత ఎంత, ఒక జాతి మొత్తాన్ని నేరస్థులుగా చూపించినవాళ్ళ బాధ్యత ఎంత అనే ప్రశ్న అలా పట్టుకుంది. ఈ నవల అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నవలకు ముందే ఉన్న బొమ్మ

1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమా తీశాడు. అందులో గస్ అనే నల్లజాతి సైనికుడు ఒక తెల్ల అమ్మాయి వెంటపడతాడు. ఆమె భయంతో కొండ మీంచి దూకి చనిపోతుంది. కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు గస్‌ని పట్టుకుని చంపుతారు. సినిమాలో వాళ్ళే హీరోలు. గస్ వేషం వేసింది ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్ల నటుడు. ఎప్పుడో కనుమరుగైన క్లాన్‌ని అదే ఏడాది జార్జియాలో మళ్ళీ మొదలుపెట్టారు. నల్లవాడు, తెల్లపిల్ల, నేరం అనే బొమ్మ అప్పటికే జనాల్లో ఉంది, సినిమా దాన్ని ఊరూరా తిప్పింది.

కథ టూకీగా

షికాగో సౌత్ సైడ్, 1930ల కాలం. బిగ్గర్ థామస్‌కి ఇరవై ఏళ్ళు. తల్లి, తమ్ముడు, చెల్లెలితో కలిసి ఒకే గదిలో ఉంటాడు. నవల మొదట్లోనే ఆ గదిలో ఎలుకను చంపుతాడు. డాల్టన్ అనే కోటీశ్వరుడి ఇంట్లో డ్రైవర్ ఉద్యోగం దొరుకుతుంది. మొదటి రాత్రే, బాగా తాగేసి ఉన్న డాల్టన్ కూతురు మేరీని గదిలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టాల్సి వస్తుంది. అంతలో చూపులేని ఆమె తల్లి లోపలికి వస్తుంది. తెల్లపిల్ల గదిలో దొరికితే ఏమవుతుందో బిగ్గర్‌కి తెలుసు. మేరీ నోట మాట రాకుండా దిండు అదిమిపెడతాడు. ఆమె ఊపిరాడక చనిపోతుంది. భయంతో శవాన్ని ఫర్నేస్‌లో కాల్చేస్తాడు.

ఆ తర్వాత పారిపోతూ, తన ప్రియురాలు బెస్సీ ఎక్కడ నోరు విప్పుతుందోనని ఆమెను ఇటుకతో కొట్టి, పాడుబడ్డ మేడలో గాలి కోసం వదిలిన సందులోకి పడేస్తాడు. అంతకుముందే ఆమెను బలాత్కరిస్తాడు కూడా. బెస్సీ నల్లజాతి అమ్మాయి.

విచారణలో ఏం జరిగింది

మేరీ చావు ఒక క్షణం భయంలో జరిగింది. బెస్సీ హత్య ఆలోచించి చేసింది. మామూలుగా అయితే రెండోదానికే శిక్ష ఎక్కువ పడాలి. కానీ ప్రాసిక్యూటర్ బక్లీ, పత్రికలు, బయట అరిచే గుంపు, అందరూ ఒక్కటే మాట మీదుంటారు: బిగ్గర్ మేరీని చెరిచి చంపాడని. అతను మేరీని చెరచలేదు. ఆ మాట ఎవరూ వినరు. విచారణలో బెస్సీ శవాన్ని తెచ్చి అందరి ముందూ పెడతారు. ఆమెకు న్యాయం చేద్దామని కాదు, మేరీ కేసులో సాక్ష్యం కోసం. తనకు శిక్ష పడేది తెల్లపిల్ల కోసమేనని, బెస్సీ వాళ్ళకు ఒట్టి సాక్ష్యమేనని బిగ్గర్‌కీ అర్థమవుతుంది.

ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. జాతి మీద వేసిన ముద్ర అమాయకుణ్ణి దోషిని చేస్తుందని మనకు తెలుసు. కానీ ఇక్కడ బిగ్గర్ అమాయకుడు కాదు. నిజంగా నేరం చేసినవాడి విషయంలో కూడా ఆ ముద్ర న్యాయాన్ని చెడగొట్టింది. చేయని నేరాన్ని అతని మీద పెట్టింది, చేసిన నేరాన్ని పక్కకు తోసేసింది. బెస్సీ తరఫున మాట్లాడేవాడే లేకుండా పోయాడు.

పత్రికల రాతలు రైట్ ఊహించి రాసినవి కావు. 1938లో షికాగోలో రాబర్ట్ నిక్సన్ అనే నల్ల యువకుడి మీద హత్య కేసు నడిచింది. పత్రికలు అతణ్ణి అడవి మృగంతో పోల్చాయి. రైట్ ఆ కటింగులు తెప్పించుకుని నవలలో వాడుకున్నాడు.

మరి బాధ్యత ఎవరిది?

లాయర్ మాక్స్ నేరం ఒప్పుకుంటూనే, ఉరి వద్దు, యావజ్జీవం వేయమంటాడు. బిగ్గర్‌ని ఇలా తయారుచేసింది ఈ సమాజమేనని వాదిస్తాడు. మిస్టర్ డాల్టన్‌ని నిలదీసే చోటు నాకు బాగా నచ్చింది. బిగ్గర్ కుటుంబం ఉన్న ఎలుకల గది డాల్టన్‌కి వాటా ఉన్న కంపెనీదే. నల్లవాళ్ళకు ఆ పేటలోనే, ఎక్కువ అద్దెకే ఇళ్ళిస్తారు. అదే డాల్టన్ నల్ల కుర్రాళ్ళ క్లబ్బుకు పింగ్‌పాంగ్ బల్లలు దానం చేస్తాడు! చివరికి బిగ్గర్‌కి మరణశిక్షే పడుతుంది.

మాక్స్ వాదన బలమైనదే, కానీ అందులోనూ బెస్సీకి చోటు తక్కువే. "సమాజం చేయించింది" అని తీర్పు రాసేస్తే ఇటుక ఎత్తిన చెయ్యి ఎవరిదో మర్చిపోతాం. బిగ్గర్ బాధ్యత బిగ్గర్‌దే. డాల్టన్ బాధ్యత డాల్టన్‌ది, బొమ్మలు గీసినవాళ్ళది వాళ్ళది. ఒకరి లెక్క తేలితే ఇంకొకరి లెక్క కొట్టేసినట్టు కాదు.

బాల్డ్విన్ అభ్యంతరం

1949లో జేమ్స్ బాల్డ్విన్ అనే యువ నల్లజాతి రచయిత ఈ నవలను గట్టిగా విమర్శించాడు. తెల్లవాళ్ళు గీసిన మృగం బొమ్మనే బిగ్గర్ తనపై వేసుకున్నాడని, తనూ మనిషేనని మర్చిపోయాడని ఆయన బాధ. రైట్ ఆ బొమ్మను పగలగొట్టాడా, ఇంకోసారి అచ్చు వేశాడా? నేను రైట్ పక్షమే. కానీ బెస్సీకి ఆయన ఇచ్చిన పేజీలు చూస్తే బాల్డ్విన్ మాట కొట్టిపారేయలేను.

మన దగ్గరికొస్తే

1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఫలానా తెగలో పుడితే చాలు, దొంగ కిందే లెక్క. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఆ పద్ధతిలో ఎరుకల వాళ్ళను ఉంచడానికి పెట్టిన సెటిల్మెంటే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. చట్టం 1952లో రద్దయింది. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరుతో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి, ఒకటి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', ఇంకోటి 'స్టువర్టుపురం దొంగలు'. నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిందల్లా ఆ పేర్లే. నా జోకు అక్కణ్ణుంచి వచ్చింది.

జూనియర్‌ని వెతికి సారీ చెప్పాను. "పర్లేదన్నా, స్కూల్ నుంచీ అలవాటే" అన్నాడు. క్లబ్ పేజీలో ఉన్న స్కిట్ వీడియో తీసేయించాను. హాల్లో నవ్విన వాళ్ళ దగ్గర్నుంచి ఆ నవ్వును ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీక ఇది రాస్తున్నాను.

శనివారం చర్చకు వచ్చేవాళ్ళు మూడు ప్రశ్నలు ఆలోచించుకుని రండి.

1. బెస్సీ వైపు నుంచి ఈ నవల రాస్తే మాక్స్ వాదన ఎలా మారేది?
2. నిజంగా నేరం చేసిన పాత్రను రాస్తూనే, అది అతని జాతి మీదకు పోకుండా రాయడం ఎలా?
3. ఈ మధ్య మీరు చూసిన సినిమాలో విలన్ యాస ఏ ఊరిది? ఎందుకు?