కంట్లో కాపురం పెట్టే అమీబా

జీవశాస్త్రం రికార్డులో మీరంతా అమీబా బొమ్మ గీసే ఉంటారు. నిలకడైన ఆకారం లేని ఒకే ఒక్క కణం, లోపల కేంద్రకం, చుట్టూ మిథ్యాపాదాలు. దానికి దూరపు చుట్టం ఒకటుంది. పేరు అకాంతమీబా. గ్రీకు భాషలో 'అకాంత' అంటే ముల్లు. ఒంటి నిండా సన్నని ముళ్లలాంటి మొనలు ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది. మట్టిలో, చెరువులో, చివరికి కుళాయి నీటిలో కూడా ఇది ఉంటుంది. బాక్టీరియాను తిని బతుకుతుంది. దాని మానాన అది ఉన్నంతవరకు మనకు బాధ లేదు.

చిక్కంతా అది కంట్లో పడ్డప్పుడే. కంటి ముందు భాగాన గడియారం అద్దంలా పారదర్శకంగా ఉండే పొరను కార్నియా అంటారు. దానిమీద చిన్న గీత పడినా చాలు, ఈ జీవికి పట్టు దొరుకుతుంది. 1973లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక పశువుల పెంపకందారుకు కంటికి దెబ్బ తగిలి పుండు పడింది. దానికి కారణం ఈ అమీబాయేనని తేలింది. అరుదైన జబ్బులే అని అప్పట్లో అనుకున్నారు. కాని 1980ల మధ్యలో ఆ దేశంలోనే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారిలో ఒకరి తర్వాత ఒకరికి ఇదే జబ్బు కనిపించసాగింది. ఆరా తీస్తే, వారిలో చాలామంది డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పు బిళ్లలు కరిగించి, ఇంట్లో తయారుచేసుకున్న ఆ నీటినే లెన్సులకు వాడుతున్నారని బయటపడింది.

డిస్టిల్డ్ వాటర్ శుద్ధమైనదే కదా అంటారా? అందులో లవణాలు ఉండవు, నిజమే. సూక్ష్మజీవులు ఉండవని మాత్రం హామీ లేదు!

లెన్సు పాత్ర ఏమిటో చూడండి. సరిగా కడగని లెన్సు డబ్బీ గోడలకు బాక్టీరియా జిగురు పొరలా పడుతుంది. అమీబాకు అది విందుభోజనం. అక్కడినుంచి లెన్సుకు అంటుకుంటుంది. లెన్సు దానిని గంటల తరబడి కార్నియాకు అదిమి ఉంచుతుంది. లెన్సు రాపిడికి పడిన సన్నని గీతలే దానికి దారి.

మందు వేస్తే చావదా? చస్తుంది, కాని పరిస్థితులు బాగాలేవని తోచగానే ఇది గుండ్రంగా ముడుచుకుని, రెండు గోడల కోశం కట్టుకుంటుంది. తాగేనీటిలో కలిపే క్లోరిన్ కూడా ఆ కోశాన్ని ఏమీ చేయలేదు. అందుకే మొదట్లో రాత్రింబగళ్లు గంటగంటకూ చుక్కలు వేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి వైద్యం సాగుతుంది. భరించరాని నొప్పి. కొందరికి కార్నియా మార్పిడి తప్పదు.

లెన్సులు లేనివారు నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండకూడదు. లెన్సులు వాడకుండానే ఈ జబ్బు వచ్చినవారిని గురించి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2000లో వివరంగా రాశారు. మన దేశంలో ఎక్కువగా కంటికి తగిలిన దెబ్బ, దుమ్ము, మురికినీరు దీనికి దారితీస్తాయి. కంట్లో గడ్డిపరక గుచ్చుకున్నప్పుడు చెరువునీటితో కడగవద్దని చెప్పేది ఇందుకే.

మీ ఇంట్లో ఎవరైనా లెన్సులు వాడుతుంటే ఆ డబ్బీని ఒకసారి గమనించండి. కుళాయి కింద కడిగి, తడితోనే మూత పెడుతున్నారేమో! లెన్సుల కోసం అమ్మే ద్రావణంతోనే దానిని కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకొకసారైనా కొత్త డబ్బీ కొనాలి. స్నానానికీ ఈతకూ వెళ్లేముందు, రాత్రి పడుకునేముందు లెన్సులు తీసేయాలి. వాటిని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకోవాలి. చేతి తడి కూడా కుళాయి నీరే కదా!