పాట మానిన బృందము

విద్యార్థులారా! ఒక బృందము తన పూర్వరీతిని విడిచి నూతనరీతిని అవలంబించునపుడు కలుగు లాభమేమి, నష్టమేమి? ఈ ప్రశ్నను ఒక నిజమైన దృష్టాంతముతో విచారింతము.

ఇంగ్లండు దేశమున కాంటర్బరీ యను పట్టణము గలదు. అచ్చటి సైమన్ లాంగ్టన్ పాఠశాలలో చదివిన మైక్ రాట్లెడ్జి, రాబర్ట్ వయట్ అనువారు మరి యిరువురితో గూడి 1966లో 'సాఫ్ట్ మెషీన్' అను వాద్యబృందమును స్థాపించిరి. రాట్లెడ్జి ఆర్గను వాయించెడివాడు. వయట్ డ్రమ్ములు వాయించుచునే పాడెడివాడు. అదే పాఠశాలలో చదివిన హ్యూ హాపర్ పిమ్మట బేస్ గిటారుతో వారిని చేరెను. ఆరంభమున వారిది ప్రోగ్రెసివ్ రాక్ అనబడు రీతి. అనగా ప్రజలకు పరిచితమగు రాక్ పాటను విస్తరించి దీర్ఘరచనగా మలచుట.

1969లో సాక్సోఫోను వాద్యకుడగు ఎల్టన్ డీన్ ప్రవేశించెను. నాటినుండి బృందము జాజ్ వైపునకు మరింత మొగ్గెను. జాజ్ అమెరికాలో నల్లజాతివారి నడుమ బుట్టిన సంగీతము. అందు వ్రాసిన స్వరములతోబాటు, వాయించువాడు అప్పటికప్పుడు కల్పించు స్వరములకును గొప్ప స్థానము గలదు. మన విద్వాంసుల కల్పనస్వరములను వినినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును.

1970లో వెలువడిన 'థర్డ్' అను జంట రికార్డులందు నాలుగు ప్రక్కలకు నాలుగే రచనలు గలవు. ఒక్కొక్కటి 18, 19 నిమిషములు సాగును. మూడింట వాద్యములే. వయట్ రచించిన 'మూన్ ఇన్ జూన్' ఒక్కదానిలోనే పాట వినబడును. ఆ యేడే ఆగస్టులో లండను రాయల్ ఆల్బర్ట్ హాలునందు జరిగిన ప్రామ్స్ సంగీతోత్సవమున వాయించు గౌరవము వారికి లభించెను. ఇది లాభము.

ఇక నష్టము. 1971లో వచ్చిన 'ఫోర్త్' అను రికార్డునందు పాట లేనే లేదు. వాద్యనైపుణ్యము పెరిగినకొలది గాయకునకు చోటు తరిగెను. ఆ సంవత్సరమే వయట్ బృందమునుండి వేరుపడెను. తాను నెలకొల్పిన క్రొత్త బృందమునకు 'మాచింగ్ మోల్' అని పేరిడెను. 'సాఫ్ట్ మెషీన్' అను మాటను ఫ్రెంచి భాషలోనికి మార్చినచో ఇంచుమించు ఆ ధ్వనియే వచ్చును! విడిచిన యింటి పేరును అతడు మరువలేదు.

1973లో వయట్ కిటికీనుండి పడెను. నడుము క్రింది భాగము చచ్చుపడి, చక్రముల కుర్చీయే గతియయ్యెను. కాళ్లను గూడ నుపయోగించి డ్రమ్ములు వాయించుట ఇక అసాధ్యము. కంఠము మాత్రము మిగిలెను. ఆ కంఠముతోనే 1974లో 'రాక్ బాటమ్' అను రికార్డును వెలువరించెను. అందు బేస్ గిటారు వాయించినవారిలో పాతమిత్రుడు హాపర్ ఒకడు!

క్రొత్తవిద్య నేర్చుట దోషముగాదు. జాజ్ లేనిదే 'థర్డ్' లేదు. కాని పౌలు సంఘమును అనేకావయవములు గల శరీరముతో పోల్చినాడు గదా! మన గానబృందమందు గాని, ఆటజట్టునందు గాని క్రొత్తమార్గము త్రొక్కునపుడు, దానివలన ఎవరి నోరు మూతపడుచున్నదో ముందుగా చూచుకొనవలెను. ఒకవేళ విడిపోవుటయే సంభవించినను, హాపర్ వలె మరల వచ్చి ప్రక్కన నిలుచు హృదయమును పోగొట్టుకొనరాదు.