వేసవి ఇంటర్న్‌షిప్‌కి దసరాకే కదలండి

మీ క్లాస్ వాట్సాప్ గ్రూప్ ఒకసారి తెరవండి. "ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ గ్యారంటీ, రిజిస్ట్రేషన్ ఫీజు చాలా తక్కువ" అనే మెసేజ్ ఒకటైనా ఉంటుంది. లాస్ట్ డేట్ ఇవాళే అని కూడా ఉంటుంది. వాళ్లకి లాస్ట్ డేట్ రోజూ ఇవాళే!

కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారా? కట్టకండి.

స్టైఫండ్ ఇవ్వకపోయినా పని నేర్పిస్తామంటే ఆలోచించవచ్చు. పని చేయడానికి మీరే ఎదురు డబ్బు కట్టాలంటే మాత్రం అది సర్టిఫికెట్ కొనుక్కోవడం. రేపు ఇంటర్వ్యూలో "ఇక్కడ మీరు ఏం చేశారు?" అని ఒక్క ప్రశ్న వేస్తారు. అప్పుడు నోరు తెరవాల్సింది మీరు.

ఏ ఇంటర్న్‌షిప్ కనిపించినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

• డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు?
• నా పని చూసి తప్పులు దిద్దే మనిషి ఎవరు?
• అయిపోయాక చూపించడానికి నా దగ్గర ఏం మిగులుతుంది?

మూడోది అసలు ప్రశ్న. వాలంటీరింగ్, ఇంటర్న్‌షిప్, రీసెర్చ్... ఏదైనా సరే, అప్లికేషన్ నింపకముందే చిన్న పనొకటి చేసి పెట్టుకున్నవాళ్లు ముందుంటారు. ఆ చిన్న పని మీరూ చేయగలరు. ఏ ఊళ్లో ఉన్నా, ఏ కాలేజీలో ఉన్నా.

ముందు క్యాలెండర్ మార్చుకోండి

చాలామంది ఏప్రిల్‌లో, పరీక్షల మధ్యలో, సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం వెతకడం మొదలుపెడతారు. అప్పటికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

ఒక్క ఉదాహరణ చూడండి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు జాతీయ సైన్స్ అకాడమీలతో కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తుంది. దేశంలోని ఏదో ఒక పరిశోధన సంస్థలో, ఒక శాస్త్రవేత్త దగ్గర ఎనిమిది వారాల పని. స్టైఫండ్ ఉంటుంది. సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులు అప్లై చేయవచ్చు. వేసవిలో జరిగే ఈ పనికి గడువు సాధారణంగా నవంబరు చివరికల్లా ముగిసిపోతుంది. మీ ఫ్రెండ్స్ దీని పేరు వినేది బహుశా మార్చిలో!

టీఐఎఫ్ఆర్ వేసవి పరిశోధన కార్యక్రమం, ఐఐటీ మద్రాస్ సమ్మర్ ఫెలోషిప్, ఐఐటీ హైదరాబాద్ వాళ్ల 'ష్యూర్'... ఒక్కోదానికి ఒక్కో తేదీ. ఎక్కువ భాగం చలికాలంలోనో, వేసవి ఇంకా ముదరకముందో ముగుస్తాయి. కాబట్టి దసరా సెలవుల్లో ఒక పూట కూర్చోండి. ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే తేదీలు చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఫార్వర్డ్ మెసేజ్‌ని నమ్ముకోవద్దు.

మీ గురించి రాయగల లెక్చరర్ ఉన్నారా?

అకాడమీల ఫెలోషిప్‌కి మార్కులు కావాలి. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో మీ మాటల్లో చిన్న రైటప్ రాయాలి. ఒక టీచర్ రికమెండేషన్ లెటర్ కూడా కావాలి. తెలివైన పిల్లలు కూడా ఆగిపోయేది ఇక్కడే. మూడేళ్లు వెనక బెంచీలో కూర్చుని, గడువుకి రెండు రోజుల ముందు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి "సార్, లెటర్..." అంటే ఆయన ఏం రాస్తారు? "ఇతను మా విద్యార్థి, నడవడి మంచిది." అంతకుమించి ఆయనకు తెలిస్తే కదా!

ఈ సెమిస్టర్ నుంచే ఒక అలవాటు చేసుకోండి. వారానికి ఒక్క డౌట్. క్లాస్ అయ్యాక వెళ్లి అడగండి. గూగుల్‌లో దొరికే డౌట్ కాకుండా, చదివి ఆగిపోయినచోట పుట్టిన డౌట్. రెండు నెలలు గడిచేసరికి ఆయనకు మీ పేరు తెలుస్తుంది. "మేడమ్, మీ పీహెచ్‌డీ దేని మీద?" అని కూడా అడగండి. అధ్యాపకులకు ఇష్టమైన ప్రశ్న అది. మన విద్యార్థులు అడగని ప్రశ్న కూడా అదే. మనదేదో వినయం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది బిడియం. బిడియం అలవాటుతో పోతుంది.

తప్పనిసరి పనిని సొంత పని చేసుకోండి

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. వాలంటీర్ రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి. ఏడు రోజుల స్పెషల్ క్యాంప్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకైతే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఎలాగూ చేయక తప్పదు.

వీటిని మనం ఎలా చేస్తున్నామో మనకు తెలుసు. క్యాంప్‌లో చీపుర్లు పట్టుకుని గ్రూప్ ఫొటో. ప్రాజెక్ట్‌కి సీనియర్ రిపోర్ట్‌లో పేరు మార్చి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్. ఆ గంటలు ఎటూ ఖర్చవుతున్నాయి. మరి మీకేం మిగిలింది?

ఇలా చేసి చూడండి. మీకు కేటాయించిన ఊళ్లో ఒక వీధి తీసుకోండి. ఇంటింటికీ వెళ్లి మూడే అడగండి. బోరు ఎప్పుడు వేశారు? ఎన్ని అడుగులు? ఏ నెలలో నీళ్లు తగ్గుతాయి? అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. పాత బోర్ల లోతు ఎంత, కొత్త బోర్ల లోతు ఎంత? ఒక గ్రాఫ్ గీయండి. రెండు పేజీలు రాయండి. ఎవరైనా ఒక్కరు అంకె గుర్తులేక ఉజ్జాయింపుగా చెప్పినా, ఆ సంగతి కూడా రాయండి. అలా నిజాయితీగా రాయడం పరిశోధనలో సగం.

ఇక అది మీ డేటా. ఎవరి దగ్గరా లేని డేటా. స్టాటిస్టిక్స్ సార్‌కి చూపించవచ్చు, జియాలజీ మేడమ్‌కి చూపించవచ్చు, రేపు ఏ ప్రొఫెసర్‌కి రాసే మెయిల్‌కైనా జత చేయవచ్చు.

ఊరు దాటే వీలు లేదా? ఇంకా దారులున్నాయి.

• తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరవండి. ఆధారం ఉన్న ఒక వాక్యం చేర్చండి. మీరు చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా పేజీ చరిత్రలో ఉంటుంది.
• ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. కాలేజీ క్యాంపస్‌ల కోసం ప్రత్యేకంగా క్యాంపస్ బర్డ్ కౌంట్ ఉంది. జువాలజీ చదువుతూ ఇది చేయకపోతే ఎలా?
• కోడింగ్ వచ్చా? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. ఎంచుకునే మెంటార్లు మీ ప్రపోజల్‌తో పాటు అంతకుముందు మీరు ఎంచుకున్న ప్రాజెక్టులో సరిచేసిన బగ్‌లూ చూస్తారు. చిన్న డాక్యుమెంటేషన్ తప్పు దిద్దడంతో మొదలుపెట్టండి.

ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

ప్రొఫెసర్లకు సీజన్‌లో ఇంటర్న్‌షిప్ మెయిల్స్ కుప్పలుగా వస్తాయి. ఎక్కువ మెయిల్స్‌లో ఒకే వాక్యం: "మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది." ఏ పరిశోధన? చెప్పరు. కొన్నింట్లో ఇంకో ప్రొఫెసర్ పేరు అలాగే ఉండిపోతుంది. కాపీ పేస్ట్ మహిమ!

మీరు ఇలా చేయండి.

1. ఐదుగురినే ఎంచుకోండి. యాభై మందికి ఒకే మెయిల్ వద్దు.
2. ఒక్కొక్కరిదీ ఈమధ్య వచ్చిన ఒక పేపర్ తీసుకోండి. మొత్తం అర్థం కాదు, కంగారు పడకండి. అబ్‌స్ట్రాక్ట్, గ్రాఫ్‌లు, చివరి పేరా చదవండి.
3. నాలుగైదు వాక్యాలు రాయండి. మీరెవరు, ఆ పేపర్‌లో మీకు వచ్చిన ప్రశ్న ఏమిటి, మీరు చేసిన పని ఏమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు.
4. మీ రెండు పేజీల రిపోర్ట్, మార్కుల జాబితా జత చేయండి.
5. పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే తర్వాతి పేరుకి వెళ్లండి.

జవాబు రాకపోవడం అవమానం కాదు. వాళ్ల ఇన్‌బాక్స్ అలాంటిది. ఇంగ్లిష్ అంతంతమాత్రమా? చిన్న వాక్యాలు రాయండి. డిక్షనరీలోంచి తెచ్చిన పెద్ద మాటల కంటే అవే బాగుంటాయి.

ల్యాబ్‌లో అడుగుపెట్టాక

మొదటి వారం మీకు నోబెల్ ప్రైజ్ పని ఇవ్వరు. గాజుసామాను కడగమంటారు. డేటా ఎంట్రీ చేయమంటారు. మొహం ముడుచుకోకండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పై చదువుకి బోస్టన్ వెళ్లారు. పొట్టగడవడానికి అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించింది పెద్ద సిద్ధాంతం కాదు, ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. అలా కొలుస్తూ పోతేనే కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. సరిగ్గా కొలవడం నేర్చుకోండి. మిగతావి తర్వాత.

రోజూ సాయంత్రం నోట్‌బుక్‌లో పది లైన్లు రాయండి. ఇవాళ ఏం చేశాను, ఏది చెడింది, రేపు ఏం అడగాలి. వారానికోసారి మీ గైడ్‌కి ఒక పేజీ పంపండి, ఆయన అడగకపోయినా. ఈ అలవాటున్న ఇంటర్న్‌ని ఏ ల్యాబూ తేలిగ్గా మర్చిపోదు.

ఇక లేవండి. ఈ వారంలో మూడు పనులు చేయండి. మీ క్యాంపస్ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలవండి. ఒక లెక్చరర్‌ని ఒక డౌట్ అడగండి. మీ వీధిలో మొదటి ఇంటి బోరు లోతు రాసుకోండి. ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ లేదు.