సాగని పట్టా: ఖండాంతర రైలుమార్గం వెనుక ఉన్న విజ్ఞానం

రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు? తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివిన ప్రతివారూ పరీక్షలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వ్రాసినవారే. వేసవిలో ఇనుము వ్యాకోచిస్తుంది, ఆ వ్యాకోచానికి చోటు కావాలి, కాబట్టి ఖాళీ వదులుతారు, రెండు మార్కులు. జవాబు తప్పు కాదు. అయితే నేడు విజయవాడ మీదుగా సాగే ప్రధాన మార్గంలో ఆ ఖాళీల కోసం వెదికితే మైళ్ళ తరబడి కనిపించవు. చక్రాలు అతుకుల మీద పడినప్పుడు పుట్టే టకటక శబ్దం, ఒక తరం వారికి జోలపాట వంటిది, ఆ ఖాళీలతో పాటే చాలా వరకు మాయమైంది. మరి వ్యాకోచం ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్నను ఇబ్రాలో కూర్చుని అడగడం కొంత విడ్డూరంగా తోచవచ్చు. ఇక్కడి నుండి ఎటు పోవాలన్నా రోడ్డే శరణ్యం. మస్కట్‌కు సుమారు 150 కిలోమీటర్లు, రెండవ వైపున బిదియా, ఆపైన షర్ఖియా ఇసుక తిన్నెలు. ఒమాన్‌లో ప్రయాణికుల రైలు లేదు. సొహార్ రేవును అబూధాబీతో కలిపే 238 కిలోమీటర్ల హఫీత్ రైలుమార్గపు నిర్మాణం 2024లో మొదలైంది. అది పూర్తయిననాడు ఎడారి ఎండ పట్టా మీద పడుతుంది. ఆ ఎండ ఏమి చేస్తుందో తెలుసుకోవాలంటే ముందుగా ప్రపంచంలోని అతి దీర్ఘమైన మార్గాన్ని తీసుకుని లెక్క వేయడం మేలు.

మాస్కో నుండి వ్లాదివొస్తోక్ వరకు ట్రాన్స్-సైబీరియన్ మార్గం పొడవు 9,288 కిలోమీటర్లు. 1891లో మొదలుపెట్టి 1916 నాటికి రష్యా భూభాగం మీదుగానే సాగే మార్గాన్ని పూర్తిచేశారు. యూరపును పసిఫిక్ సముద్రంతో కలిపిన ఈ ఉక్కు తీగ, శీతకాలంలో సున్నకు 40 డిగ్రీలు దిగువన ఉన్న గాలిలోనూ, వేసవిలో ఎండకు కాగిన నేల మీదా ఒకే తీరున పడి ఉండాలి. పట్టా ఉక్కు ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే తన పొడవులో పదిలక్షవ వంతులు 11.5 చొప్పున పెరుగుతుంది. అంకె అల్పంగానే కనిపిస్తుంది. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 6 మిల్లీమీటర్లే. కానీ మాస్కో–వ్లాదివొస్తోక్ మార్గమంతా అతుకులు లేని ఒకే పట్టా అనుకుని, దానిని 80 డిగ్రీలు వేడెక్కించి స్వేచ్ఛగా సాగనిస్తే పెరుగుదల ఎనిమిదిన్నర కిలోమీటర్లు దాటుతుంది! రైలు దిగవలసిన స్టేషను దాటి పట్టా సముద్రంలోకి పోవాలి.

పోదు. ఏలయన దానిని ఎవరూ సాగనివ్వరు. స్లీపర్లు పట్టాను గట్టిగా పట్టుకుంటాయి, కంకర స్లీపర్లను పట్టుకుంటుంది. సాగవలసిన పట్టాను సాగకుండా ఆపినప్పుడు ఆ వ్యాకోచం బలంగా మారి లోహంలోనే నిలిచిపోతుంది. ఎంత బలం? మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా అడ్డుకోత వైశాల్యం దాదాపు 77 చదరపు సెంటీమీటర్లు. ఉక్కు స్థితిస్థాపక గుణకంతోనూ, పైన చెప్పిన వ్యాకోచపు అంకెతోనూ దీనిని గుణిస్తే, ప్రతి డిగ్రీకి సుమారు 1.87 టన్నులు వస్తుంది. 30 డిగ్రీల తేడాకు 56 టన్నులు. అదీ ఒక్క పట్టాలో.

ఈ లెక్కలో పాఠకుడు గమనించవలసినది, అందులో లేని రాశి. పొడవు ఎక్కడా రాలేదు. కిలోమీటరు పట్టాలోనైనా, తొమ్మిది వేల కిలోమీటర్ల పట్టాలోనైనా బలం ఒక్కటే. పట్టా రెండు చివరలా ఇంచుమించు 100 మీటర్ల మేర మాత్రమే కదలిక ఉంటుంది. రైల్వే ఇంజనీర్లు దానిని శ్వాసించే భాగం అంటారు, చక్కని పేరు. అక్కడి నుండి లోపలికి ఒక్కొక్క స్లీపరూ కొంత కొంత అడ్డుకుంటూ పోగా, మధ్యభాగం ఎండకూ చలికీ అంగుళమైనా కదలదు. ఖండాలు దాటే పట్టా వేయడం సాధ్యమైనది ఇందువలననే. బడి పాఠం మారవలసినదీ ఇక్కడే.

ఇక ఆ పట్టాను ఏకఖండంగా చేసేది ఏమిటి? కర్మాగారంలో పొడవైన ముక్కలను విద్యుత్తుతో అతుకుతారు. నడిదారిలో, కొండ పక్కన, పొలాల నడుమ చేయవలసిన అతుకుకు మాత్రం ఒక రసాయన చర్య ఆధారం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంటు పొందాడు. 1899లో ఎసెన్ నగరపు ట్రాము పట్టాలను దీనితో అతికారు. కావలసిన సామగ్రి రెండే: తుప్పు జాతికి చెందిన ఐరన్ ఆక్సైడు, అల్యూమినియం పొడి. ఇనుము కంటే అల్యూమినియానికి ఆక్సిజన్ మీద మక్కువ ఎక్కువ. ఒకసారి రాజుకుంటే అది ఇనుము నుండి ఆక్సిజన్‌ను లాగివేసుకుంటుంది. 160 గ్రాముల ఐరన్ ఆక్సైడు, 54 గ్రాముల అల్యూమినియం కలిస్తే 112 గ్రాముల ఇనుమూ 102 గ్రాముల అల్యూమినాయే గాక, సుమారు 850 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. రెండున్నర లీటర్ల చల్లని నీటిని మరిగించడానికి చాలినంత వేడి అది. పిడికెడు పొడి నుండి, కొన్ని క్షణాలలో! ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటిపోతుంది. బరువైన ద్రవ ఇనుము అడుగుకు చేరి, రెండు పట్టాల మధ్య వదిలిన అంగుళం ఖాళీలోకి అచ్చు ద్వారా జారుతుంది; తేలికైన అల్యూమినా చిట్టెంగా పైన తేలుతుంది. బొగ్గు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు, బయటి గాలి కూడా అక్కరలేదు.

శుద్ధమైన ఇనుము మెత్తన. చక్రం కింద నిలవదు. అందుకని మిశ్రమంలో కర్బనం, మాంగనీసు గల లోహపు ముక్కలు కలిపి పట్టా ఉక్కుకు దగ్గరగా తెస్తారు. భారతీయ రైల్వేకు లక్నోలో ఇటువంటి పొట్లాలు తయారుచేసే కర్మాగారమే ఉంది. ఈ పనిలో పెద్ద శత్రువు తేమ. మిశ్రమంలో గాని అచ్చులో గాని నీరు చేరితే అల్యూమినియం దానినీ విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. ఆ వాయువు గడ్డకట్టే లోహంలో చిక్కి సూదిబెజ్జాలు మిగులుస్తుంది. పైకి నున్నగా కనబడే అతుకు లోపల జల్లెడ కావచ్చు. కావుననే ప్రతి అతుకునూ అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. పట్టా రోలర్ల మధ్య నొక్కి సాగదీసిన ఉక్కు, అతుకు పోత ఉక్కు. ఎంత బాగా పోసినా పోత ఒక మెట్టు తక్కువే. చలికి పట్టా బిగుసుకుని రెండు వైపులకూ లాగినప్పుడు ముందుగా తెగేది చాలాసార్లు ఇదే చోటు.

ఇప్పుడు అసలు నిర్ణయం వస్తుంది. పట్టాను ఏ ఉష్ణోగ్రత వద్ద బిగించాలి? బిగించిన క్షణంలో దానిలో బలం సున్న. దీనిని పట్టా యొక్క జన్మోష్ణోగ్రత అనవచ్చు. అంతకంటే వేడెక్కితే నొక్కుడు, చల్లబడితే లాగుడు. భారతదేశంలో ఆ ప్రాంతపు పట్టా చూసే అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు తీసుకుని దానికి కొన్ని డిగ్రీలు చేరుస్తారు. చేర్చడంలో కారణముంది. లాగుడుకు పట్టా విరిగితే ఖాళీ ఏర్పడుతుంది, పట్టా గుండా పారే సిగ్నలు విద్యుత్తు తెగి సాధారణంగా ఎరుపు దీపం వెలుగుతుంది. నొక్కుడుకు పట్టా పక్కకు పాములా మెలితిరిగితే విద్యుత్తు తెగదు. దీపం పచ్చగానే ఉంటుంది, బండి వస్తూనే ఉంటుంది. అందుకే నడివేసవి మధ్యాహ్నాలలో, మనుషులు నీడ వెదుక్కునే వేళ, కీమన్లూ గ్యాంగ్‌మన్లూ పట్టా వెంట కాలినడకన గస్తీ తిరుగుతారు.

2022 జులై 19న బ్రిటన్‌లో మొదటిసారి గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. లండన్ కింగ్స్ క్రాస్ నుండి ఉత్తరానికి పోయే ప్రధాన మార్గంలో బండ్లు ఆపివేశారు. కోస్తా ఆంధ్రలో 45 డిగ్రీల ఎండలోనూ రైళ్ళు నడుస్తుంటే వారికేమి వచ్చిందని నవ్వినవారున్నారు. ఆ నవ్వు తొందరపాటు. బ్రిటన్‌లో పట్టాను బిగించేది 27 డిగ్రీల వద్ద. ఎండలో పట్టా గాలికంటే 20 డిగ్రీల వరకు ఎక్కువ వేడెక్కుతుంది, అంటే 60. తేడా 33 డిగ్రీలు, బలం 60 టన్నుల పైచిలుకు. ఇక్కడ 45 వద్ద బిగించిన పట్టా 65కు కాగినా తేడా 20. బలం 37 టన్నులే. వేడి ఎక్కువైన చోట నొక్కుడు తక్కువ! బ్రిటన్ కూడా 45 వద్దే బిగించరాదా అంటే, మంచు కురిసే రాత్రి ఆ పట్టాలో లాగుడు 100 టన్నులు దాటుతుంది. సైబీరియాలో ఈ చిక్కు మరీ తీవ్రం. పట్టా చూసే ఉష్ణోగ్రతల వ్యత్యాసమే 100 డిగ్రీలకు చేరువైనప్పుడు ఏ అంకె ఎంచుకున్నా ఏదో ఒక ఋతువుకు బాకీ పడవలసిందే.

డిబ్రూగఢ్ నుండి కన్యాకుమారికి 2011లో మొదలైన వివేక్ ఎక్స్‌ప్రెస్ సుమారు 4,200 కిలోమీటర్లు పోతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ, నెల్లూరు దారిలో తగులుతాయి. ప్రయాణికుడికి అది ఒకే దారి. పట్టాకు మాత్రం మండలం మారినకొద్దీ జన్మోష్ణోగ్రత వేరు.

ఒమాన్ విషయానికి వస్తే, ఇక్కడ గడ్డకట్టే చలి లేదు గనుక ఉష్ణోగ్రతల వ్యత్యాసం సైబీరియా అంత ఉండదు. అంకెను ఎగువన ఎంచుకోవచ్చు. చిక్కు కంకరతో వస్తుంది. పట్టా పక్కకు మెలితిరగకుండా ఆపేది స్లీపరు చుట్టూ ఉన్న రాళ్ళ మధ్య రాపిడి. ఆ రాళ్ళు కోణాలతో, గట్టిగా ఉండాలి. ఇబ్రా చుట్టూ కనబడే నల్లని కొండలలో గాబ్రో అనే రాయి విరివిగా ఉంది. దాదాపు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భం పైకి లేచి ఏర్పడిన కొండలివి, భూగర్భ శాస్త్రజ్ఞులు దేశదేశాల నుండి వచ్చి పరిశీలించినవి. కంకరకు అటువంటి గట్టి రాయే కావాలి. కానీ ఎడారి గాలి మోసుకొచ్చే ఇసుక రాళ్ళ సందులను నింపితే కంకర గుణం మారిపోతుంది. అదిరినప్పుడు సర్దుకోవలసిన పొర గట్టిపడి, చక్రపు దెబ్బ నేరుగా స్లీపరుకూ పట్టాకూ తగులుతుంది. ఇసుక తోడి శుభ్రం చేయడానికి కంకరను కదిలిస్తే అప్పటికి దాని పట్టు సడలుతుంది. ఎండ ముదిరిన వేళ ఆ పని చేయకూడదు.

ఇక పట్టా బిగించే రోజున గాలి చల్లగా ఉంటే ఏమి చేస్తారు? నలభై పైచిలుకు డిగ్రీల వేడి కోసం వేసవి దాకా కాచుకోరు. పట్టాను స్లీపర్ల నుండి విడిపించి, కింద రోలర్లు పెట్టి, ఆ వేడిలో ఎంత సాగి ఉండేదో లెక్కగట్టి, జలపీడన యంత్రంతో అంతే పొడవు లాగి, ఆ స్థితిలోనే అతికి బిగిస్తారు. వేడి చేయవలసిన పనిని బలం చేస్తుంది. భారతీయ రైల్వే మార్గాలలో పొడుగు పట్టా మొదలయ్యే చోట, పట్టా నడుము మీద గాని పక్కనున్న పలక మీద గాని, బిగించిన తేదీ, పట్టా పొడవు, ఉష్ణోగ్రత రంగుతో వ్రాసి ఉంచుతారు. బండి స్టేషను దగ్గర నెమ్మదించినప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ అంకె కొన్నిసార్లు కనబడుతుంది.